లినక్స్ మాలాంటివాళ్లకి కుదురుతుందా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయిన సంగతి రాస్తూ, చివర్లో 'పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు లినక్స్ (విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్) కూడా ఒకసారి చూడండి' అని ఒక్క ముక్క అన్నాను. వ్యాసం మొత్తం వదిలేసి అందరూ ఆ ఒక్క ముక్కనే పట్టుకున్నారు. 'అది కంప్యూటర్ చదువుకున్నవాళ్లకి కదా' అన్నవాళ్లు కొందరు, 'మేం ఎప్పట్నుంచో వాడుతున్నాం, ఇంట్లోవాళ్లే వినట్లేదు' అన్నవాళ్లు కొందరు. ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. లాప్‌టాప్‌లో మెయిల్ చూసుకుంటాను, వీడియోలు చూస్తాను, పేపర్ చదువుతాను, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతాను, అప్పుడప్పుడు బ్యాంకు పని. అంతకు మించి నాకేమీ రాదు. నా లాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని మెసేజ్ వస్తోంది. మా అబ్బాయి కొత్తది కొనేద్దాం అంటున్నాడు. లినక్స్ అంటే నల్లటి తెర మీద ఏవేవో కమాండ్లు కొట్టాలట కదా, నా వల్ల అవుతుందా?

అవుతుందండీ. చెబితే నమ్మరేమో గానీ, ఈ నెల ఉత్తరాలు రాసినవాళ్లందరిలో మారడం అన్నిటికంటే సులువు మీకే. మీరు రాసిన పనుల జాబితా మీరే మళ్లీ ఒకసారి చదువుకోండి. మెయిల్, వీడియోలు, పేపర్, వీడియో కాల్, బ్యాంకు... ఇవన్నీ జరిగేది బ్రౌజర్‌లోనే. క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా లినక్స్‌లోనూ అవే ఉంటాయి, అలాగే ఉంటాయి, మీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాక కింద ఉన్నది విండోసా ఇంకోటా అన్నది మీకు గుర్తు కూడా ఉండదు. అసలు తిప్పలు పడేది ఎవరంటే, పదిహేనేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి తిరిగినవాళ్లు, ఫోటోషాప్ షార్ట్‌కట్లు నిద్రలో కూడా చెప్పగలిగేవాళ్లు, ఎక్సెల్‌లో మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రామ్‌లు) రాసి పెట్టుకున్నవాళ్లు. అందుకే 'నాకు కంప్యూటర్ ఎంత వచ్చు' అని లెక్క వేసుకోకండి, 'నేను దీంతో ఏమేం చేస్తాను' అని కాగితం మీద రాసుకోండి. లినక్స్ కుదురుతుందా లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

నల్ల తెర సంగతి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, వాటిలో ఒకటైన లినక్స్ మింట్ తెరిస్తే కింద ఎడమవైపు మెనూ, పక్కన తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లు, కుడివైపు గడియారం, వైఫై గుర్తు కనిపిస్తాయి. విండోస్ వాడినవాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ ఉండదు. టెర్మినల్ అనే ఆ నల్ల తెర ఉంటుంది, కానీ మీరు దాన్ని ఒక్కసారి కూడా తెరవకుండా ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. మరి ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా కమాండ్లే ఎందుకు కనిపిస్తాయంటే, సాయం చేసేవాళ్లకి అది తేలిక. 'ఫలానా చోట నొక్కండి, తర్వాత ఇంకోచోట నొక్కండి' అని బొమ్మలతో వివరించేకన్నా ఒక్క లైను ఇచ్చి 'ఇది పేస్ట్ చెయ్యండి' అనడం వాళ్లకి చిటికెలో పని. అర్థం కాని కమాండ్‌ని మాత్రం ఎవరు చెప్పినా పేస్ట్ చెయ్యకండి, అది ఏ సిస్టమ్‌లోనైనా ప్రమాదమే.

మీ లాప్‌టాప్‌కి వచ్చిన మెసేజ్ చూసి అది పాడైపోయిందనుకోకండి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఉండాలి, ఇంటెల్‌లో అయితే సుమారుగా 8వ తరం నుంచి. మీది ఆ జాబితాలో లేదు, అంతే. మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు, 4 జీబీ ఉంటే ఇబ్బంది లేకుండా నడుస్తుంది. అయితే 'లినక్స్ వేస్తే పాత లాప్‌టాప్ రాకెట్‌లా పరిగెడుతుంది' అని చెప్పేవాళ్లని పూర్తిగా నమ్మకండి. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే అది తినే మెమరీ ఎక్కడైనా తింటుంది. లోపల పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే దాన్ని తీసేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించండి, సిస్టమ్ మార్చినదానికంటే దానివల్ల తేడా ఎక్కువ కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా కొత్తదే కొనాలనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు, తొందరేముంది.

ప్రశ్న: ఉన్న విండోస్ చెడిపోకుండా లినక్స్‌ని ఒకసారి చూడొచ్చు అంటారు. ఎలాగో కాస్త విడమరిచి చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

దీన్ని లైవ్‌గా నడపడం అంటారు. సిస్టమ్ మొత్తం పెన్‌డ్రైవ్ మీంచి, ర్యామ్‌లో నడుస్తుంది, మీరు 'ఇన్‌స్టాల్' నొక్కనంత వరకు లోపలి డిస్క్‌లో ఏమీ మారదు, షట్‌డౌన్ చేసి పెన్‌డ్రైవ్ పీకేస్తే మీ విండోస్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే వేరేచోట దాచుకోండి. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) దించుకోండి, 3 జీబీకి అటూఇటూగా ఉంటుంది. దాన్ని మామూలు ఫైల్‌లా కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పడేస్తే పనిచేయదు (ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే), రూఫస్ అని గానీ బలేనా ఎచర్ అని గానీ చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంటుంది, దాంతో ఎక్కించాలి. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ బటన్ టకటకా నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

వచ్చాక అందంగా ఉందా లేదా అని చూస్తూ కూర్చోకండి, పరీక్ష పెట్టండి. వైఫై కనెక్ట్ అవుతోందా, సౌండ్ వస్తోందా, కెమెరా, మైకు పనిచేస్తున్నాయా, బ్రైట్‌నెస్ బటన్లు మాట వింటున్నాయా, మూత మూసి తెరిస్తే నిద్రలేస్తోందా, మీ ప్రింటర్‌ని గుర్తుపడుతోందా. ముఖ్యంగా ఆ ప్రింటర్. నెట్‌వర్క్‌లో ఉండే కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి, హెచ్‌పీ వాటితో గొడవ తక్కువ, కొన్ని చవక లేజర్ ప్రింటర్లు మాత్రం మొండికేస్తాయి. వైఫై రాకపోతే అంతటితో వదిలెయ్యక్కర్లేదు, కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లకి విడిగా డ్రైవర్ వెయ్యాలి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ నెట్‌తో మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తనే వెతికి పెడుతుంది. ఇంకో సంగతి, పెన్‌డ్రైవ్ మీంచి నడుస్తోంది కాబట్టి నత్తనడకగా అనిపిస్తుంది, అసలు వేగం ఇన్‌స్టాల్ చేశాకే తెలుస్తుంది. ఈ లైవ్‌లో దాచుకున్న ఫైళ్లు ఆపేయగానే పోతాయి.

ఒక్క జాగ్రత్త. చాలా కొత్త లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనే తాళం మనకి తెలియకుండానే వేసి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, కంప్యూటర్ సొంత ప్రోగ్రామ్‌లో) సెట్టింగులు ఏవైనా మార్చే ముందు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి రికవరీ కీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మార్చాక విండోస్ ఆ కీ అడిగిందంటే, అది లేకుండా మీ ఫైళ్లు మీకే అందవు. మింట్, ఉబుంటు (ఇంకో లినక్స్ రకం) వేసుకోవడానికి సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ని మొదలవ్వనివ్వని కాపలా) తీసేయాల్సిన అవసరం మామూలుగా రాదు, అందుకని పాత వీడియోలు చూసి దాన్ని ముందే ఆపేయకండి.

ప్రశ్న: ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్, జోరిన్... ఇన్ని రకాలేమిటండీ? ఏది మంచిది?

మింట్. దాంతో సరిపోకపోతే అప్పుడు మిగతావి చూద్దాం. 2006 నుంచి ఉంది, ఉబుంటు ఐదేళ్ల వెర్షన్ల మీద కట్టేది కాబట్టి ఒకసారి వేస్తే చాలాకాలం కదపక్కర్లేదు. ఏది మంచిది అన్న చర్చ ఎంతకీ తెగదు, మీరు దాంట్లోకి దిగకండి.

ప్రశ్న: నేను అకౌంట్స్ చూస్తాను. మా దగ్గర అంతా వర్డ్, ఎక్సెల్. లినక్స్‌లో లిబ్రెఆఫీస్ ఉంటుంది, అన్నీ తెరుచుకుంటాయి అని స్నేహితుడు అంటున్నాడు. మారిపోనా?

తెరుచుకుంటాయి, నిజమే. ఉత్తరాలు, బిల్లులు, చిన్న పట్టికలు లిబ్రెఆఫీస్‌లో హాయిగా చేసుకోవచ్చు. కానీ వేరేవాళ్లు వర్డ్‌లో చేసి పంపిన ఫైల్ మీరు దిద్ది తిరిగి పంపితే అక్కడక్కడా మార్జిన్ జరగొచ్చు, పేజీ ఒకటి పెరగొచ్చు, కాలిబ్రి ఫాంట్ బదులు అదే కొలతలున్న కార్లిటో కనిపిస్తుంది. ఎక్సెల్ మాక్రోలైతే కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు, ఏవి నడవవో నెలాఖరు లెక్కల మధ్యలో తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ నేరుగా లినక్స్‌లో ఇన్‌స్టాల్ కాదు, బ్రౌజర్‌లో వాడే ఆఫీస్ ఉంది గానీ అందులో అన్ని సదుపాయాలూ ఉండవు.

అందుకని మీకు నా సలహా, ఆఫీసు కంప్యూటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు విండోస్‌లోనే లిబ్రెఆఫీస్ వేసుకోండి, అది అక్కడా ఉచితమే. రోజూ వచ్చే ఫైళ్లని నెల రోజులు దాంట్లో తెరిచి చూడండి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం డాంగిల్ వాడుతున్నట్టయితే వాటికి లినక్స్ వెర్షన్, డ్రైవర్ ఉన్నాయో లేదో అమ్మినవాళ్లనే అడగండి. లేవంటే అక్కడితో ఆ ఆలోచన మానుకోండి. ఇంట్లో కంప్యూటర్‌కి మాత్రం ఇవేవీ అడ్డు కావు.

ప్రశ్న: ఊరికే ఇస్తున్నారంటేనే అనుమానం. వాళ్లకేం లాభం? మన సమాచారం అమ్ముకుంటారా?

అనుమానం మంచిదే. లినస్ టోర్వాల్డ్స్ అనే హెల్సింకీ విద్యార్థి 1991లో సరదాగా మొదలుపెట్టిన కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ఇది, దానికి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ పనిముట్లు తోడయ్యాయి. ఇప్పుడు దాన్ని రాసేవాళ్లు సరదాకి రాసేవాళ్లే అనుకోకండి, ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీల్లో జీతాలు తీసుకుంటూ రాసేవాళ్లు బోలెడుమంది. వాళ్ల సర్వర్లు దాని మీదే నడుస్తాయి కాబట్టి అది బాగుండటం వాళ్ల అవసరం. రెడ్ హ్యాట్ అమ్మేది సపోర్ట్, ఆ వ్యాపారాన్ని 2019లో ఐబీఎం దాదాపు 3,400 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. మింట్ లాంటివి ఎక్కువగా విరాళాలు, స్పాన్సర్లతో నడుస్తాయి.

సమాచారం విషయంలో అందరూ పవిత్రులే అని మాత్రం చెప్పను. 2012లో ఉబుంటు 12.10లో, మన కంప్యూటర్‌లో మనం వెతికే మాటలు బయటికి వెళ్లి అమెజాన్ వస్తువులు పక్కన కనిపించేలా పెట్టారు. కోడ్ అందరికీ కనిపించేదే కాబట్టి దాచడానికి వీల్లేకపోయింది, గొడవ గట్టిగానే జరిగింది, స్టాల్‌మన్ బహిరంగంగా తిట్టిపోశాడు, చివరికి 16.04 వెర్షన్ నాటికి దాన్ని మామూలుగా ఆపి ఉంచేలా మార్చారు. నచ్చనివాళ్లు ఈలోపు మింట్‌కో డెబియన్‌కో వెళ్లిపోయారు. అలా వెళ్లిపోయే దారి ఉండటం నాకు ఇందులో నచ్చే విషయం.

ప్రశ్న: లినక్స్‌కి వైరస్‌లు రావట కదా?

తక్కువ, అసలు రావు అనేది అబద్ధం. ప్రోగ్రామ్‌లు ఎక్కడపడితే అక్కడ దించుకోకుండా సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే వేసుకుంటారు కాబట్టి చాలా బెడద తప్పుతుంది, యాంటీవైరస్ కొనక్కర్లేదు. కానీ 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకే దొంగలు చొరబడి డౌన్‌లోడ్ లింకుని మార్చి దొడ్డిదారి ఉన్న ఐఎస్‌ఓ పెట్టారు. కొద్ది గంటల్లోనే పట్టుకున్నారు గానీ, దించుకున్న ఫైల్ చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే అంకెలు, అక్షరాల వరుస) సరిచూసుకోమని వెబ్‌సైట్‌లో రాసి ఉండేది ఇలాంటివాటి కోసమే, ఆ మెట్టు వదిలెయ్యకండి. ఇక బ్యాంకు నుంచి అంటూ వచ్చే దొంగ మెయిల్‌లో ఓటీపీ ఇచ్చేస్తే ఏ సిస్టమూ కాపాడలేదు.

ప్రశ్న: నేను పదేళ్లుగా లినక్స్ వాడుతున్నాను. మా అమ్మానాన్నలకీ, ఆఫీసులో తోటివాళ్లకీ ఎంత చెప్పినా ఎక్కట్లేదు. స్వేచ్ఛ గురించి, ప్రైవసీ గురించి చెప్పాను. ఆండ్రాయిడ్‌లో ఉన్నది కూడా లినక్సే అని చెప్పాను. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నుంచి లినక్సే అని కూడా చెప్పాను. ఊఁ అంటారు, మళ్లీ విండోసే తెరుస్తారు. ఏం చెయ్యాలి?

ముందు ఆ సూపర్ కంప్యూటర్ల సంగతి చెప్పడం మానెయ్యండి. మీరు చెప్పినవన్నీ నిజాలే, కానీ మీ అమ్మగారికి సూపర్ కంప్యూటర్‌తో పనేముంది? మీకు నచ్చిన కారణాలు మీరు చెబుతున్నారు, వాళ్లని విసిగిస్తున్నదేమిటో అడిగారా? 'అప్‌డేట్ అంటూ అరగంట కూర్చోబెడుతుంది', 'ఎక్కడ చూసినా ప్రకటనలే', 'ఆన్ అయ్యేలోపు కాఫీ తాగొచ్చు' లాంటివేమన్నా అంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఏ ఇబ్బందీ లేదు, హాయిగా ఉంది అంటే మాత్రం వదిలెయ్యండి, ఉన్నది బాగానే నడుస్తున్నవాళ్లని మార్చడం వాళ్లకి సాయం అనిపించుకోదు, మీ ముచ్చట తీరడమే అవుతుంది.

ఇంకోటి, సిస్టమ్‌ని చివర్లో మార్చాలి. ఫ్రాన్స్‌లో జాందార్మెరీ అని ఒక పోలీసు దళం ఉంది, పదుల వేల కంప్యూటర్లు. వాళ్లు 2005లో ముందు విండోస్ మీదే లిబ్రెఆఫీస్ లాంటి ఓపెన్ ఆఫీస్ పెట్టారు, ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్, మెయిల్ కోసం థండర్‌బర్డ్ అలవాటు చేశారు, 2008లో గానీ ఉబుంటు వైపు కదల్లేదు. అప్పటికి సిబ్బంది రోజూ వాడే ప్రోగ్రామ్‌లు అవే కాబట్టి కింద సిస్టమ్ మారినా చేతులకి పెద్ద తేడా తెలియలేదు. మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ ఇంకోలా సాగింది. దాదాపు 15 వేల కంప్యూటర్లని ఏళ్ల తరబడి శ్రమపడి లినక్స్‌కి తెచ్చారు, 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని కౌన్సిల్ తీర్మానించింది. అందులో రాజకీయం ఎంత, ఫైళ్లు సరిగ్గా తెరుచుకోని చిరాకు ఎంత అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లు ఉన్నారు. నేను దాన్నుంచి తీసుకునేది ఒక్కటే, వాడేవాళ్లు రోజూ చిరాకు పడుతుంటే పైనుంచి వచ్చిన ఉత్తర్వు నిలబడదు. ఇంట్లో మీ ఉత్తర్వు అసలే నిలబడదు.

కాబట్టి మీ నాన్నగారి విండోస్‌లో ముందు ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, లిబ్రెఆఫీస్ పెట్టండి. అలవాటయ్యాక, వాడకుండా మూలన పడున్న లాప్‌టాప్ ఏదన్నా ఉంటే దాంట్లో మింట్ వేసి 'ఇది కూడా ఉంది, బుద్ధి పుడితే వాడండి' అని హాల్లో పెట్టేసి ఊరుకోండి. డెస్క్‌టాప్ మీద వాళ్లకి కావాల్సిన నాలుగు గుర్తులే ఉంచండి, అక్షరాలు పెద్దవి చెయ్యండి, ప్రింటర్ మీరే కలిపి ఒక పేజీ తీసి చూపించండి. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని ఉంది, సిస్టమ్ ఏదైనా తేడా చేస్తే పాత స్థితికి తీసుకొస్తుంది, అది మొదటిరోజే ఆన్ చేసి పెట్టండి (ఫోటోలు, ఫైళ్లని అది దాచదు, వాటికి వేరే బ్యాకప్ చూసుకోవాలి).

అన్నిటికంటే ముఖ్యంగా, వేసి వెళ్లిపోకండి. విండోస్‌లో ఏదన్నా ఆగిపోతే పక్కింటి కుర్రాడు వచ్చి చూస్తాడు, లినక్స్‌లో ఆగితే వాళ్లకి మీరొక్కరే దిక్కు. ఫోన్ చేసినప్పుడు 'ఇది కూడా తెలీదా' అన్నారంటే, ఆ సాయంత్రమే లాప్‌టాప్ మూత పడుతుంది. ఫోన్ ఎత్తే ఓపిక లేకపోతే మాత్రం ఎవరికీ లినక్స్ వెయ్యకండి, దయచేసి.

ప్రశ్న: మా పిల్లలు గేమ్స్ ఆడతారు. కుదురుతుందా?

స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్న ఆటలు ఇప్పుడు చాలావరకు ఆడుకోవచ్చు, విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపించే, 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ పుణ్యమా అని. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ లాంటివి మాత్రం వాటి యాంటీ చీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) వల్ల నడవవు. పిల్లలు ఆడేవి అవే అయితే వాళ్ల కంప్యూటర్ ముట్టుకోకండి, ఇంట్లో యుద్ధం ఎందుకు.

ప్రశ్న: తెలుగు టైపింగ్ సంగతేంటి? నేను కథలు రాస్తాను. అది లేకపోతే నాకు ఏదీ వద్దు.

ఉంది. కీబోర్డ్ సెట్టింగులలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ లేఅవుట్) వెంటనే వచ్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొట్టే అలవాటుంటే ఐబస్ (టైపింగ్ పద్ధతులు మార్చుకునే ప్రోగ్రామ్), దాంతోపాటు ఎమ్17ఎన్ (వేర్వేరు భాషల లేఅవుట్లు ఉండే) ప్యాకేజీలు వేసుకోండి, అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, ఆపిల్ లేఅవుట్లు ఉంటాయి. పోతన, వేమన, నోటో ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. మీ పాత కథలు యూనికోడ్‌లో ఉంటే అలాగే తెరుచుకుంటాయి, యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే మాత్రం వాటిని విండోస్ ఉండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి, తర్వాత చేద్దామనుకుంటే ఆ ఫాంట్ మేనేజర్ లినక్స్‌లో దొరక్క ఇరుక్కుంటారు.

ప్రశ్న: అన్నీ చేశాక నచ్చకపోతే మళ్లీ విండోస్‌కి రావచ్చా? లైసెన్స్ పోతుందేమోనని భయం.

రావచ్చు. విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్ అయితే లైసెన్స్ ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది, అదే రకం విండోస్ మళ్లీ వేసి నెట్ కలిపితే మామూలుగా తనే యాక్టివేట్ అవుతుంది. కాకపోతే డిస్క్ మొత్తం చెరిపేసే ముందు మూడు పనులు చెయ్యండి: ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటోందో లేదో చూడండి. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి విండోస్ ఉండగానే చేసి సొరుగులో పడేయండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. లింకై ఉన్న అకౌంట్‌లో సింక్ ఆన్ చేసి ఉంటే ఆ బెంగ కూడా లేదు.